ఎర్ర కవరులో నాయిన

నా పెళ్లిని నా రెండు చేతులతో విరగ్గొట్టాను. మాటవరసకు చెప్పడం లేదు. మల్దకల్ దగ్గర మా ఊళ్లో, కులసంఘం రేకుల షెడ్డులో, పెద్దమనుషులంతా చూస్తుండగా పెళ్లి సీడీని మోకాలికి ఆనించి వంచాను. అది వెంటనే విరగలేదు. సగానికి వంగి మళ్లీ లేచింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఒళ్లు మండి ఇంకోసారి బలంగా వంచేసరికి ఫట్‌మని విరిగి, ఒక ముక్క ఎగిరి వెళ్లి ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి చేతికి గీసుకుంది. రక్తం వచ్చింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

అన్ని చోట్లా ఉండేదో లేదో తెలియదు గానీ, సీడీల కాలంలో మావాళ్లలో పెళ్లి తెంపులంటే అలాగే జరిగేవి. ఎవరి సామాను వాళ్లకు అప్పజెప్పాక, చివర్లో రెండు వైపుల వాళ్లూ పెళ్లి ఆల్బమ్, పెళ్లి సీడీ తెచ్చి నలుగురిలో పెట్టాలి. ఆల్బమ్‌లు కాల్చేస్తారు. సీడీలు విరగ్గొడతారు. ఆ రోజు చేతికి గీసుకున్న పెద్దమనిషే అంతకుముందు తీర్పు చెప్పాడు.

"రేపు ఇద్దరికి ఇంకో పెండ్లి గావాలె. గీ బొమ్మలు ఎవలింట్ల ఉన్నా ఎప్పటికైనా పరేషానే. కాలవెట్టేది కాలవెట్టుండ్రి, ఇరగ్గొట్టేది ఇరగ్గొట్టుండ్రి. గంతటితోటి అయిపోయినట్టే."

ఇటిక్యాల నుంచి వచ్చిన ఆ పిల్లగాడు, అంటే అప్పటిదాకా నా మొగుడు, వాళ్ల సీడీని కాలి కింద వేసి తొక్కాడు. చెప్పుతో. అందుకే నేను చేత్తో విరిచాను. వాళ్లకు నేను నచ్చకపోవడానికి కారణం నేను ఎదురు మాట్లాడతానని, గట్టిగా నవ్వుతానని. రెండూ నిజమే. ఆ ముక్క చెప్పడానికి వాళ్లు ఇంతమందిని పోగేయాల్సిన పని లేదు. నన్నడిగితే మొదటి వారమే ఒప్పుకునేదాన్ని.

అమ్మ ఆ రోజు దగ్గరికి రాలేదు. ఆడవాళ్లంతా షెడ్డు బయట బోరింగు దగ్గర కూర్చున్నారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఇటు చూడకుండా ఉంది. నాయిన మాత్రం లోపలే ఉన్నాడు. విరిగిన ముక్కలు పిల్లల కాళ్లకు గుచ్చుకుంటాయని ఆయనే వంగి ఒక్కొక్కటే ఏరి, రుమాలులో మూటగట్టి, దారిలో పెంటకుప్ప మీద విదిలించాడు. ఇంటికొచ్చాక నాతో ఒకే మాట అన్నాడు.

"అన్నం దిను బిడ్డా. పీడ వోయింది."

మా నాయిన గురించి చెప్పాలంటే సీడీల గురించే చెప్పాలి. పత్తి విత్తనాల చేను చేసేవాడు. పొద్దున్నంతా చేలో కూలీల మీద అరిచి వచ్చి, మధ్యాహ్నం జొన్నరొట్టె తిని టీవీ ముందు అడ్డంగా పడుకునేవాడు. అన్న గద్వాల బస్టాండు దగ్గర కొనుక్కొచ్చిన ప్లేయర్ అది. సీడీ అన్నా డీవీడీ అన్నా మా ఇంట్లో అన్నీ సీడీలే. ఒకదాంట్లోనే మూడు సినిమాలు ఎక్కించినవి వచ్చాక ఆయనకు పండగే. మొదటిది పూర్తికాకముందే గురక పెట్టేవాడు. ఆపబోతే మాత్రం కళ్లు మూసుకునే "చూస్తున్న" అనేవాడు.

ఆయనకు ఒక రోగం ఉండేది. తీసిన సీడీని దాని కవరులో పెట్టడు. ప్లేయర్‌లో ఉన్నదాన్ని తీసి, చేతికి ఏ ఖాళీ కవరు తగిలితే దాంట్లో దోపేవాడు. భక్తి సినిమా కవరు తీస్తే దయ్యాల సినిమా ఉండేది. సీడీల మీద ఏమీ రాసి ఉండేది కాదు, అన్నీ ఒకేలా తళతళలాడేవి. రాత అంతా కవరు మీదే. అమ్మకు ఆ రాతా రాదు. ఎర్రది, నీలంది, పచ్చది అని రంగులు గుర్తుపెట్టుకునేది. "కవర్లన్ని కలగలపకు, నీకు పుణ్యముంటది" అని రోజూ మొత్తుకునేది. ఆయన వింటేగా. పెళ్లి సీడీ ఎర్ర కవరులో ఉండేది, దాని మీద బంగారు రంగు హృదయం బొమ్మ.

ఆ పెళ్లి సీడీలో అమ్మకు కావాల్సింది ఒక్కటే ఉంది. నేను కాదు.

మా పెళ్లిలో, కొత్త జంట మా గడప తొక్కేముందు, వరసైన ఆడవాళ్లు తలుపుకు అడ్డం నిలబడ్డారు. ఒకరి పేరు ఒకరు చెబితేనే లోపలికి. ఆ పిల్లగాడు చెప్పాడు, నేను చెప్పాను. అంతటితో అయిపోయేదే. కానీ మా మేనత్తకు ఊరికే ఉండటం చేతకాదు. వెనక్కి తిరిగి నాయిన చెయ్యి పట్టుకుంది.

"పిల్లలు చెప్పిండ్రు. నువ్వెప్పుడన్న వదినె పేరు చెప్పినవా అన్నా? ఇయ్యాల చెప్తెనే ఇడుస్త."

నాయిన తప్పించుకోబోయాడు. వీడియో తీసేవాడు లైటు తెచ్చి మొహం మీద పెట్టాడు. అంతమంది మధ్య, తల దించుకుని, నాయిన అమ్మ పేరు చెప్పాడు. అప్పటిదాకా మా ఇంట్లో అమ్మ పేరు "ఇగో". కోపం వస్తే "ఏడ సచ్చినవే". రేషన్ షాపు వాడు పిలిచినన్ని సార్లు కూడా మొగుడు ఆమెను పేరు పెట్టి పిలవలేదు. అమ్మ తలుపు చాటు నుంచి విని "సిగ్గులేనోడు" అంది. మొహం మాత్రం ఎర్రగా కందింది. ఆమెను అంత అందంగా నేను మళ్లీ చూడలేదు.

పంచాయతీ అయ్యాక నేను మళ్లీ చదువుకున్నాను. వనపర్తిలో కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. ఇంకో పెళ్లి చేసుకోలేదు. ఎదురు మాట్లాడటం, గట్టిగా నవ్వడం మానలేదు మరి. ఇంతలో నాయిన పోయాడు. చేలో ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట. గద్వాల దవాఖానకు తీసుకెళ్తుండగా ఆటోలోనే అయిపోయింది. ఆయన ఫోను నంబర్లు నొక్కే చిన్న ఫోను, దాంట్లో ఆయన గొంతు ఎక్కడా లేదు. ఫోటోలున్నాయి. ఫోటోల్లో మా నాయిన ఎప్పుడూ ఎవరినో తిట్టబోయి ఆగిపోయిన మనిషిలా ఉంటాడు.

ఆయన పోయాక సీడీలతో ఎవరికీ పని లేకుండా పోయింది. అప్పటికే అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చాయి. అన్న ఆ సీడీలకు దారాలు కట్టి జొన్నచేలో వేలాడదీశాడు, ఆ మెరుపుకు చిలుకలు బెదురుతాయని. కొన్నాళ్లు బెదిరాయి. తర్వాత వాటి పక్కనే కూర్చుని కంకులు తిన్నాయి. ప్లేయర్‌ను వదినె పాత సామాన్లవాడికి ఇచ్చి ప్లాస్టిక్ బకెట్ తీసుకుంది. ఆ బకెట్ కూడా పగిలిపోయింది. వదినెతో పడక అమ్మ తన సందుగ పెట్టె ఎత్తుకుని వనపర్తికి, నా దగ్గరికి వచ్చేసింది. ఇద్దరం నోరున్నవాళ్లమే. ఆ ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఈ మధ్య అన్న కొడుకు పెళ్లి గద్వాలలో జరిగింది. ఫంక్షన్ హాలు, ఆకాశంలో తిరిగే కెమెరా, గోడంత తెర. పెళ్లికూతురు పొద్దుట్నుంచీ పెళ్లికొడుకును పేరు పెట్టే పిలుస్తోంది, మధ్యమధ్య "రేయ్" అని కూడా అంటోంది. అయినా గడప దగ్గర పేర్లు చెప్పించే తంతు పెట్టారు. కెమెరా అబ్బాయి "సిగ్గు సరిగ్గా పడలేదు, మళ్లీ చెప్పండి" అన్నాడు. ఆ పిల్ల మళ్లీ సిగ్గుపడింది. ఫోన్లు పట్టుకున్నవాళ్లంతా మళ్లీ తీసుకున్నారు. అమ్మ ఒక కుర్చీలో కూర్చుని అదంతా చూసింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాతో ఒక్కసారి కూడా కొట్లాడలేదు. నాకు భయం వేసింది.

మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ చెప్పింది.

"నీ పెండ్లి సీడీ ఉన్నది."

"ఏడుంది? నేనే ఇరగ్గొట్టిన కదనే."

"నువ్వు ఇరగ్గొట్టింది సినిమా."

గొప్పగా చెప్పింది. సందుగలోంచి చీరలు తీసి, అడుగు నుంచి ఒక సీడీని, మెత్తటి పాత ధోవతి గుడ్డలో చుట్టినదాన్ని తీసింది. అసలు సంగతి అప్పుడు బయటపడింది. పంచాయతీకి ముందు రోజు పొద్దుగూకే వేళ అమ్మ బర్రె దగ్గర పాలు పిండుతోంది. ఇంట్లోంచి టీవీ చప్పుడు వినిపించింది. ఆ చప్పుడులో తన పేరు వినిపించింది, నాయిన గొంతుతో. నాయిన ఒక్కడే కూర్చుని పెళ్లి సీడీ పెట్టుకుని చూస్తున్నాడు. అమ్మ బర్రె దగ్గరే ఆగిపోయింది, లోపలికి పోలేదు. తెల్లారి విరగ్గొట్టబోయేది ఆ పిలుపునని ఆమెకు అప్పుడే తట్టింది.

"అందుకే పొద్దున్నే లేచి మార్చిన. ఎర్ర కవరులది తీసి దాచిన. టీవీ మీద నీలం కవరు ఉండె, గండ్లకెళ్లి సినిమా తీసి ఎర్ర దాంట్ల పెట్టిన. గదే నీ చేతికిచ్చిన. పెద్దమనుషులకేం తెలుసు, గుండ్రంగ ఉంటే చాలు."

నాకు మొదట నవ్వొచ్చింది. ఊరి పెద్దమనుషులంతా కలిసి ఒక సినిమాను విరగ్గొట్టించి నా పెళ్లి రద్దు చేశారు. ఒకాయన రక్తం కూడా కార్చాడు. వెంటనే ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ తెగిపోయిందనుకుని తలెత్తుకు తిరుగుతున్న ఆ పెళ్లి, నా ఇంట్లోనే, నేను ఉతికి మడతపెట్టిన చీరల కిందే ఉంది.

"పారెయ్ దాన్ని" అన్నాను.

"పారేస్త. ఒక్కసారి చూపియ్యి, పారేస్త. మీ నాయిన పేరు వెట్టి పిలిసింది చెవులార ఇంట. గంతకంటె నాకేం వద్దు."

"ఆయన్ని చూడాలంటే ఆ ఇటిక్యాల మొకం గూడ చూడాలె."

"చూడు. చూస్తె కండ్లు వోతయా?"

అమ్మతో వాదించి గెలిచినవాళ్లు లేరు. పైగా, చెప్పకపోతే అబద్ధమవుతుంది, నాకూ ఆయన గొంతు వినాలనిపించింది. ఆ కోరిక ఎక్కడ దాక్కుని ఉందో ఏమో, ఒక్కసారిగా బయటపడింది. కాలేజీకి వెళ్లి కూడా పాఠం సరిగ్గా చెప్పలేకపోయాను.

సీడీ ఉంది. అది తిప్పే యంత్రం లేదు. నా ల్యాప్‌టాప్‌కు సీడీ పెట్టే అర లేదు. వనపర్తిలో టీవీలు అమ్మే దుకాణంలో అడిగితే, కౌంటర్ దగ్గర ఉన్నతను వెనక ఉన్నవాడిని పిలిచి మరీ నా మాట మళ్లీ చెప్పించుకున్నాడు. ఇద్దరూ కలిసి నవ్వారు. అమ్మ ఆ సీడీని గడప దాటనివ్వదు, ఎవరి చేతికీ ఇవ్వనివ్వదు. అందుకని, పాత టేపులేమైనా ఉన్నాయేమోనని గద్వాలలో మా పెళ్లి తీసిన స్టూడియోకు పోయాను. అక్కడిప్పుడు ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. మనిషి మాత్రం ఆయనే.

"గప్పటి టేపులా? తుడిచి తుడిచి వాడేది మేడం. మీ మీద ఇంకో పెండ్లి ఎక్కింది. దాని మీద ఇంకోటి ఎక్కింది."

చాలా మర్యాదగా చెప్పాడు. చాయ్ కూడా తెప్పించాడు.

తిరిగి వస్తూ బస్సులో నా విద్యార్థిని ఒకమ్మాయి గుర్తొచ్చింది. ఆ పిల్ల నిశ్చితార్థం చెడిపోయింది. ఫోటోగ్రాఫర్ మాత్రం ఆ వీడియోను తన పనితనం చూపించుకోవడానికి నెట్‌లో పెట్టాడు, తీసెయ్యమంటే బాగా వచ్చింది మేడం అంటాడు. తెలియని వాళ్లు ఇంకా శుభాకాంక్షలు రాస్తున్నారు. ఆ పిల్ల నా ముందు కూర్చుని ఏడుస్తూ, ఏడుస్తూనే ఎంతమంది చూశారో చూసుకుంటోంది. మా పెద్దమనుషులు వచ్చి ఆ వీడియోను ఎక్కడ పట్టుకుని వంచుతారు? నాకు నా కాలమే నయమనిపించింది. ఒక వస్తువు, రెండు చేతులు, అయిపోయింది. అలా అనుకుని కొంచెం గర్వపడ్డాను కూడా.

చివరికి ప్లేయర్ నాగర్‌కర్నూల్‌లో దొరికింది. నాతో పనిచేసే మేడం వాళ్ల మామగారు ఒకప్పుడు అక్కడ సీడీలు అద్దెకిచ్చే దుకాణం నడిపారు. దుకాణం మూసేశాక ఒక ప్లేయర్ ఇంట్లో మిగిలింది. దాని మీద మంచినీళ్ల క్యాన్ పెట్టుకున్నారు, ఎత్తు సరిగ్గా సరిపోయిందట. ఆ పెద్దాయన క్యాన్ దింపించి, లుంగీ అంచుతో ప్లేయర్ తుడిచాడు.

"కొత్త సినిమా వచ్చిందంటే నా దుకాణం ముందట కొట్లాటలైతుండె అమ్మా. ఎవలికి ముందియ్యాల్నో నేనే చెప్తుంటి, పోలీసోళ్లు గూడ నన్నే బతిమాలుతుండ్రి. మొన్న నా మనుమడు సీడీ చేతిల పట్టుకొని, తాతా, గిది ఏం ప్లేటు, గిండ్ల ఏం తింటరు అని అడుగుతుండు." నవ్వకుండా చెప్పాడు. "తీస్కపోండి. తిరగకుంటె మీద ఒకటి కొట్టండి. జర మొండిది."

ఆదివారం అమ్మ తలస్నానం చేసింది. మంచి చీర కట్టుకుంది. "మొగుణ్ని చూడబోతున్నావా" అని నేను వెక్కిరించాను. "నీకు లేదని కుళ్లు" అంది. అలాంటి మాటలు మా ఇంట్లో మామూలే. టీవీకి తీగలు తగిలించి సీడీ పెట్టాను. తిరగలేదు. పెద్దాయన చెప్పినట్టు మీద ఒకటి కొట్టాను. గరగరమని తిరిగింది.

తెర మీద పెద్ద నది. నదిలో మొసలి. అది ఒడ్డున నిలబడ్డ ఒక తెల్లవాడిని పట్టుకుని నడుము దాకా మింగింది. ఆ తెల్లవాడు తెలుగులో "కాపాడండి" అని అరిచాడు.

నాకు అక్కడే అర్థమైంది. అమ్మకు కాలేదు.

"ముంగట సినిమ పెడ్తరు. అందరి పెండ్లి సీడీలల్ల గట్లనే పెడ్తుండ్రి. పెండ్లి ఎనక వస్తది, ఆగు."

మా రోజుల్లో పెళ్లి సీడీల మొదట్లో దేవుడి పాట, సినిమా ముక్క అతికించే మాట నిజమే. కానీ ఎవరి పెళ్లికైనా మనిషిని తినే మొసలిని అతికిస్తారా? ఆ మాటే అన్నాను. అమ్మ వినలేదు. "జూరాల డ్యాం కింద గూడ ఉన్నయి మొసండ్లు" అంది, అదేదో సమాధానమైనట్టు. రిమోట్ నా చేతుల్లోంచి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది, నేను ఎక్కడ ఆపేస్తానోనని. మొసలి ఇంకా కొంతమందిని తిన్నది. ప్రతి ఒక్కరు చచ్చినప్పుడూ అమ్మ కొంచెం ముందుకు జరిగి, ఇప్పుడొస్తుంది పెళ్లి అన్నట్టు చూసింది.

మొసలి చచ్చింది. రెండో సినిమా మొదలైంది. ఒక్కదాంట్లో మూడు సినిమాల సీడీ అది, నాయినకు ప్రాణమైనది. ఈసారి కొట్లాటలు. నేను లేచి వంటింట్లోకి పోయాను. అన్నం వండి పిలిచాను. రాలేదు. పళ్లెంలో పెట్టి తెస్తే తెర మీద నుంచి చూపు తీయకుండా పక్కన పెట్టించుకుంది. నాకు జాలి వేయాల్సింది. కోపం వచ్చింది. ఇంత మొండి మనిషిని ఆయన పేరు పెట్టి ఒక్కసారైనా పిలవడమే ఎక్కువ అనుకున్నాను.

మూడో సినిమాలో పెళ్లి ఉంది.

మేళం మొదలవగానే అమ్మ మంచం అంచుకు వచ్చేసింది. "ఇగో, వచ్చింది. నేను చెప్పిన కద." పందిరి, అరటి బోదెలు, వందల మంది. అమ్మ లేచి టీవీకి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి ఆ గుంపులో వెతకడం మొదలుపెట్టింది. సీడీ అక్కడ గీతపడి ఉన్నట్టుంది. మేళం ఒకే ముక్క దగ్గర కొట్టుకుని, బొమ్మ నిలిచిపోయింది. గుంపు చివర తెల్ల రుమాలు చుట్టుకున్న ఒక మనిషి, వీపు మనవైపు.

"గాయనే" అంది అమ్మ. వేలు పెట్టి ఆ వీపును ముట్టుకుంది. "గట్లనే నిలవడ్తుండె. జర ఇటు మర్రమను బిడ్డా."

ప్లేయర్ మీద కొట్టాను. కదల్లేదు. మళ్లీ కొట్టాను. ఎందుకు కొట్టానో నాకే తెలియదు, ఆ మనిషి తిరిగితే ఎవడో జూనియర్ ఆర్టిస్టు తిరుగుతాడని తెలిసి కూడా కొట్టాను. బొమ్మ ఒక్కసారి గెంతి పెళ్లికూతురి మొహం మీద ఆగింది. నగలు, పూలు, పాలరాతి రంగు. అమ్మ ఆ మొహాన్ని చూసింది, నన్ను చూసింది.

"గీ పిల్ల నువ్వు గాదు. నువ్వు గంత తెల్లగ లేకుంటివి."

మెల్లగా వచ్చి మంచం మీద కూర్చుంది. అమ్మకు చదువు రాదు గానీ లెక్క తప్పదు. ఆమె లోపల అది ఎలా కదులుతోందో నాకు మొహంలో కనిపిస్తూనే ఉంది.

"ముందటి దినం మీ నాయిన చూసిండు కద" అంది చివరికి.

"చూసిండు."

"చూసి తీసి, ఏ కవర్లనో పెట్టి ఉంటడు."

"నీలం కవర్ల పెట్టిండు. అంతకుముందు ప్లేయర్ల ఉన్న గీ సినిమాను ఎర్ర కవర్ల పెట్టిండు. ఆయన ఎన్నడన్న దేని కవర్ల దాన్ని పెట్టిండా?"

చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది అనేవాళ్లు అనొచ్చు. ఇన్నేళ్లూ ఆ మొసలిని ధోవతి గుడ్డలో చుట్టి కాపాడిన మనిషికి అబద్ధం చెప్పి మళ్లీ సందుగలో పెట్టించడం నా వల్ల కాలేదు. నాయిన కడసారి అమ్మ పేరు విందామని ఆ సీడీ తీశాడు. తీశాక అలవాటు కొద్దీ కవరు మార్చాడు. మార్చినదాన్ని అమ్మ తెల్లారి మళ్లీ మార్చింది, అంటే సరిచేసింది. సరిచేసి నా చేతికిచ్చింది. నేను విరిచాను. నాయిన తన గొంతును తానే ఏరుకుని, రుమాలులో కట్టుకుని పెంటకుప్ప మీద పోశాడు. ఇంటికొచ్చి పీడ పోయిందన్నాడు. నలుగురం కలిసి చేసినా ఇంత బాగా కుదిరేది కాదు. మేము ముగ్గురమే చేశాం.

"అయితే ఆనాడు నువ్వు ఇరగ్గొట్టింది..."

"నాయిననే."

అమ్మ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. నేనైనా పక్కన కూర్చునేదాన్ని. లేచి ప్లేయర్ దగ్గరికి పోయి, ఏది నొక్కాలో తెలియక నా వైపు చూసింది. నొక్కాను. సీడీ బయటికొచ్చింది. దాన్ని తీసి, చీర కొంగుతో అటూ ఇటూ తుడిచి, నా చేతిలో పెట్టింది.

"ఇరగ్గొట్టు."

"ఎందుకే?"

"ఆనాడు నేను బోరింగు కాడ కూసున్న. సప్పుడు ఇనలే."

"ఒద్దమ్మా" అన్నాను. నా నోట్లోంచి ఆమెతో అంత మెత్తటి మాట వచ్చి ఎన్నేళ్లయిందో.

"పేరు వెట్టి పిలిసింది మల్ల ఇనే రాత ఎట్లాగూ లేదు. పోయిన సప్పుడన్న ఇననియ్యి. నీకు ఇరగ్గొట్టుడు వచ్చు కద, ఇరగ్గొట్టు."

మోకాలికి ఆనించి వంచాను. అప్పటిలాగా వంగి లేవలేదు. ఇన్నేళ్లకు పెళుసెక్కిపోయిందేమో, పట్టుకోగానే విరిగింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. పక్కనే మంచం మీద పడ్డ ముక్కల వైపు అమ్మ చెవి వంచి, ఇంకా ఏదో వినబడుతుందేమో అన్నట్టు కాసేపు అలాగే ఉంది.

"గంతేనా?" అంది.

"గంతే" అన్నాను.